బూట్ సమయంలో సెన్సర్ డ్రైవర్ మాడ్యూల్ ఒకసారి అందుతోంది, ఒకసారి అందడం లేదు: నమ్మకంగా లోడ్ చేయించే పద్ధతి ఏది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో డెబియన్ 12 నడుస్తోంది, కెర్నెల్ 6.1 శ్రేణికి చెందినది. మదర్‌బోర్డు మీద ఉన్న సెన్సర్ చిప్‌కు ఎన్‌సీటీ6775 అనే మాడ్యూల్ (కెర్నెల్‌లోకి విడిగా లోడ్ చేసే డ్రైవర్ ఫైలు) సరిపోతుందని, సెన్సర్లను వెతికే సెన్సర్స్-డిటెక్ట్ చూపించింది. టెర్మినల్‌లో మోడ్‌ప్రోబ్ అనే ఆదేశంతో దాన్ని లోడ్ చేస్తే ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ వేగాలు వెంటనే కనిపిస్తాయి. ఆ విలువలను చదివి ఫ్యాన్ వేగాన్ని సర్దే చిన్న షెల్ స్క్రిప్టు ఒకటి రాసుకుని, దాన్ని సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రాము) సర్వీస్‌గా పెట్టుకున్నాను.

ఇబ్బంది బూట్ సమయంలోనే వస్తోంది. మాడ్యూల్ తనంతట తాను లోడ్ కావడం లేదు కాబట్టి బూట్‌లో నడిచే ఆర్‌సీ.లోకల్ ఫైల్లో మోడ్‌ప్రోబ్ ఆదేశం రాశాను. వరుసగా పదిసార్లు రీబూట్ చేసి చూస్తే ఆరుసార్లు సర్వీస్ సక్రమంగా మొదలైంది, నాలుగుసార్లు “ఫైలు లేదు” అన్న లోపంతో ఆగిపోయింది. ఆ తర్వాత మాడ్యూల్ పేరును ఈటీసీ కింద ఉన్న మాడ్యూల్స్-లోడ్.డి డైరెక్టరీలో “సెన్సర్లు” అనే కొత్త ఫైల్లో కూడా రాశాను గాని ఏ తేడా కనిపించలేదు. ఇదే కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కార్డు, సౌండ్, గ్రాఫిక్స్ డ్రైవర్లు నేనేమీ చెప్పకుండానే ప్రతిసారీ లోడ్ అవుతున్నప్పుడు ఈ ఒక్క మాడ్యూల్‌కు మాత్రం ఎందుకు చెప్పాల్సి వస్తోందో కూడా తెలుసుకోవాలని ఉంది.

దీనితో సంబంధం ఉందో లేదో తెలియదు గాని, డీకేఎంఎస్ (కెర్నెల్‌తో పాటు రాని మాడ్యూళ్లను కంపైల్ చేసే సాధనం) ద్వారా పెట్టుకున్న యూఎస్‌బీ వైఫై డ్రైవర్ కూడా గత వారం కెర్నెల్ అప్‌డేట్ అయినప్పటి నుంచి కనిపించడం లేదు. మోడ్‌ప్రోబ్‌ను అడిగితే ఆ మాడ్యూల్ ఈ కెర్నెల్ డైరెక్టరీలో దొరకలేదని చెబుతోంది.

సమాధానం 1

ముందుగా, ఈ ఒక్క మాడ్యూల్‌కే ఎందుకు చెప్పాల్సి వస్తోందన్న మీ సందేహం తీరుస్తాను, ఎందుకంటే అది అర్థమైతే మిగిలినదంతా దానంతట అదే విడిపోతుంది. పీసీఐ, యూఎస్‌బీ వంటి బస్సుల మీద ఉన్న ప్రతి పరికరం తనను తయారుచేసిన సంస్థ సంఖ్యనూ తన మోడల్ సంఖ్యనూ తానే చెప్పగలదు. కెర్నెల్ ఆ సంఖ్యలను కలిపి మోడ్‌ఏలియాస్ అనే ఒక పొడవాటి పేరు తయారుచేసి, పరికరం కనిపించిందన్న కబురుతో పాటు దాన్ని పరికరాల రాకపోకలను చూసుకునే యూడెవ్‌కు పంపుతుంది. మరోవైపు ప్రతి మాడ్యూల్ తాను ఏయే పరికరాలను నడపగలదో తన లోపలే రాసి పెట్టుకుంటుంది. డెప్‌మోడ్ అనే ఆదేశం ఆ వివరాలన్నిటినీ సేకరించి, ఆయా కెర్నెల్‌కు చెందిన డైరెక్టరీలో మాడ్యూల్స్.ఏలియాస్ అనే ఫైలుగా పేరుస్తుంది. యూడెవ్ చేసేది ఈ రెంటినీ జత కలపడమే. మీ నెట్‌వర్క్ కార్డు, సౌండ్, గ్రాఫిక్స్ అన్నీ ఈ దారినే వస్తున్నాయి.

మీ సెన్సర్ చిప్ అటువంటి బస్సు మీద లేదు. అది పాతకాలపు ఐఎస్ఏ పద్ధతిలో పనిచేసే సూపర్ ఐఓ చిప్‌లో ఒక భాగం, అడగకుండా అది తన ఉనికిని చెప్పదు. డ్రైవరే 2ఈ, 4ఈ అనే హెక్స్ పోర్టుల్లో కొన్ని విలువలు రాసి, తిరిగి వచ్చిన సంఖ్యను బట్టి చిప్ ఉందో లేదో కనుక్కోవాలి. అక్కడ ఉన్నది వేరే చిప్ అయితే అలా గుడ్డిగా రాయడం మంచిది కాదు కనుక, ఆ పని కెర్నెల్ తనంతట తాను చేయకుండా యజమాని నిర్ణయానికి వదిలిపెట్టింది. మోడ్‌ఇన్ఫోతో ఆ మాడ్యూల్ వివరాలు చూడండి: పీసీఐ అనో యూఎస్‌బీ అనో మొదలయ్యే ఏలియాస్ వరుస ఒక్కటి కూడా ఉండదు. ఐ2సీ-డెవ్, వీ4ఎల్2లూప్‌బ్యాక్ వంటి మాడ్యూళ్లదీ ఇదే పరిస్థితి. వాటి వెనుక, కనిపించి కబురు పంపే పరికరం ఏదీ ఉండదు.

ఇటువంటి వాటికోసమే మాడ్యూల్స్-లోడ్.డి ఉంది. మీరు సరైన చోటికే వెళ్లారు గాని ఫైలు పేరు చివర .కాన్ఫ్ పెట్టలేదు. ఆ తోక లేని ఫైళ్లను సిస్టమ్‌డీ కనీసం తెరవదు, తెరవలేదని హెచ్చరించదు కూడా. పేరును “సెన్సర్లు.కాన్ఫ్” అని మార్చి, లోపల ఒక వరుసలో మాడ్యూల్ పేరు మాత్రమే ఉంచండి. మాడ్యూల్‌కు ఏవైనా ఆప్షన్లు ఇవ్వాలంటే ఆ వరుసలో పేరు పక్కన రాస్తే చెల్లదు, వాటికి మోడ్‌ప్రోబ్.డి డైరెక్టరీలో వేరే .కాన్ఫ్ ఫైలు పెట్టి అందులో “ఆప్షన్స్” అనే పదంతో మొదలయ్యే వరుస రాయాలి. డెబియన్‌లో ఈటీసీ కింద నేరుగా కనిపించే పాత “మాడ్యూల్స్” ఫైలు కూడా పనిచేస్తుంది, ఎందుకంటే మాడ్యూల్స్-లోడ్.డి లోపలి నుంచి దానికి ఒక సింబాలిక్ లింకు ఉంటుంది.

ఆర్‌సీ.లోకల్‌లో రాసిన వరుసను పూర్తిగా తీసేయండి. ఆ ఫైలు నెట్‌వర్క్ దశ దాటిన తర్వాత, బూట్ దాదాపు చివర నడుస్తుంది. మీ సర్వీస్ కూడా మల్టీ-యూజర్ లక్ష్యం (సిస్టమ్‌డీ భాషలో లక్ష్యం అంటే బూట్‌లో ఒక దశ) కింద అదే సమయంలో మొదలవుతుంది, ఈ రెంటిలో ఏది ముందో సిస్టమ్‌డీకి మీరు ఎక్కడా చెప్పలేదు. ఆరు మంచి ఫలితాలూ నాలుగు చెడ్డ ఫలితాలూ ఆ పరుగుపందెంలో పుట్టినవే. మాడ్యూల్స్-లోడ్ సర్వీస్ అలా కాదు, అది సిస్ఇనిట్ లక్ష్యానికి ముందే పూర్తవుతుంది, మామూలు సర్వీసులన్నీ ఆ లక్ష్యం తర్వాతనే మొదలవుతాయి. అందువల్ల మీ సర్వీస్ ఫైల్లో “ఆఫ్టర్” వరుస ప్రత్యేకంగా రాయవలసిన పని కూడా లేదు.

మార్చిన తర్వాత జర్నల్‌సీటీఎల్‌లో ఈ బూట్‌కు చెందిన సిస్టమ్‌డీ-మాడ్యూల్స్-లోడ్ లాగ్ ఒక్కసారి చదవండి. జాబితాలో ఒక మాడ్యూల్ విఫలమైనా మిగిలినవి లోడ్ అవుతాయి గనుక, సర్వీస్ ఎర్రగా కనిపించినంత మాత్రాన అన్నీ పోయాయని అనుకోవద్దు. మోడ్‌ప్రోబ్.డిలో ఎక్కడైనా ఇదే మాడ్యూల్ బ్లాక్‌లిస్టులో ఉంటే ఈ జాబితా దాన్ని కూడా గౌరవించి వదిలేస్తుంది, అది కూడా చూసుకోండి.

సమాధానం 2

నాకూ ఇటువంటి సమస్యే వచ్చింది. సర్వీస్ ఫైల్లో, సర్వీస్ మొదలయ్యే ముందు నడిచే “ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ” వరుసలో పది సెకన్ల స్లీప్ పెట్టాను, ఆ తర్వాత మళ్లీ రాలేదు. ఫైళ్లన్నీ మార్చుకోవడం కంటే ఇది సులువు.

ప్రశ్న వేసినవారి మాట

మొదటి సమాధానానికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఫైలు పేరు మార్చి, ఆర్‌సీ.లోకల్ వరుస తీసేసి మళ్లీ పదిసార్లు రీబూట్ చేశాను. లోడ్ అయిన మాడ్యూళ్లను చూపే ఎల్‌ఎస్‌మోడ్ జాబితాలో అది పదిసార్లూ ఉంది. అయినా రెండుసార్లు సర్వీస్ తప్పుగా నడిచింది. ఒకసారి మునుపటిలాగే ఫైలు లేదన్నది. రెండోసారి జరిగినది నన్ను నిజంగా భయపెట్టింది: సర్వీస్ లోపం లేకుండా మొదలైంది గాని, అది ప్రాసెసర్ ఉష్ణోగ్రత అనుకుని చదువుతున్నది ఎస్ఎస్‌డీ ఉష్ణోగ్రత. ప్రాసెసర్ వేడెక్కుతున్నా ఫ్యాన్ నెమ్మదిగానే తిరుగుతోంది. నా స్క్రిప్టులో సిస్ ఫైల్‌సిస్టమ్ కింద ఉన్న హెచ్‌డబ్ల్యూమాన్2, హెచ్‌డబ్ల్యూమాన్3 అనే సెన్సర్ డైరెక్టరీల దారులు రాసి ఉన్నాయి. రెండో సమాధానంలో చెప్పిన స్లీప్ పెట్టి చూశాను, ఫైలు లేదన్న లోపం మళ్లీ రాలేదు గాని ఎస్ఎస్‌డీ గందరగోళం ఇంకొకసారి వచ్చింది.

సమాధానం 3

స్లీప్ సలహా ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే, వారి యంత్రంలో అది పనిచేసి ఉంటుంది కూడా. కాని స్లీప్ అనేది దేనికోసం ఎదురుచూస్తున్నామో చెప్పకుండా ఎదురుచూడడం. డిస్కు తనిఖీ జరిగిన రోజున, లేదా యూఎస్‌బీ హబ్ ఆలస్యంగా మేలుకున్న రోజున ఆ పది సెకన్లు చాలవు. మిగిలిన రోజులన్నిటా అవి వృథా. పైగా ఈ రెండో సమస్యను ఎంత స్లీప్ పెట్టినా పరిష్కరించలేదు, ఎందుకంటే ఇది కాలానికి సంబంధించినది కాదు, పేరుకు సంబంధించినది.

మనం “డ్రైవర్ లోడ్ అయింది” అని ఒక్క మాటలో చెప్పేదానిలో మూడు వేర్వేరు సంఘటనలు దాగి ఉన్నాయి. మాడ్యూల్ కోడ్ కెర్నెల్ మెమరీలోకి రావడం ఒకటి, ఎల్‌ఎస్‌మోడ్ చూపేది దీన్ని మాత్రమే. ఆ కోడ్ ఒక పరికరాన్ని తనదిగా స్వీకరించి ప్రారంభించడం రెండోది. ఆ పరికరానికి బయటి ప్రోగ్రాములు వాడుకునే పేరు ఏర్పడడం మూడోది. ఈ మూడింటి మధ్య ఎంత దూరం ఉంటుందన్నది డ్రైవర్‌ను బట్టి మారుతుంది. ఎన్‌సీటీ6775 విషయంలో మాడ్యూల్ లోడ్ అయ్యే క్రమంలోనే పరికరం సృష్టి, స్వీకారం రెండూ జరిగిపోతాయి కాబట్టి మీకు రెండో దశలో చిక్కు లేదు. కొన్ని డ్రైవర్లు మాత్రం తమకు అవసరమైన విద్యుత్ నియంత్రకమో క్లాకో ఇంకా సిద్ధంగా లేకపోతే “తర్వాత మళ్లీ అడుగు” అని కెర్నెల్‌కు చెప్పి వాయిదా వేసుకుంటాయి. కెర్నెల్ 3.4 కాలం నుంచి, అంటే 2012 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. అటువంటప్పుడు మాడ్యూల్ జాబితాలో ఎంత నిక్షేపంగా కనిపించినా పరికరం ఉండదు. ఫర్మ్‌వేర్ ఫైలు అవసరమైన డ్రైవర్లకూ ఈ తేడా వర్తిస్తుంది: ఫైలు దొరకకపోతే కెర్నెల్ సందేశాలను చూపే డీమెసేజ్‌లో మైనస్ 2 అనే లోపసంఖ్యతో ఒక వరుస కనిపిస్తుంది, మాడ్యూల్ మాత్రం లోడ్ అయినట్టే ఉంటుంది.

మీ సమస్య మూడో దశలో ఉంది. హెచ్‌డబ్ల్యూమాన్ పక్కన వచ్చే సంఖ్య పరికరానికి చెందినది కాదు, అది కేవలం నమోదు చేసుకున్న క్రమం. ప్రాసెసర్ సెన్సర్, ఎస్ఎస్‌డీ సెన్సర్, మదర్‌బోర్డు సెన్సర్ ఎవరికి వారు నమోదు చేసుకుంటారు. యూడెవ్ అనేక పనులను ఒకేసారి నడిపిస్తుంది కాబట్టి ఎవరు ముందు చేరతారో ఏ బూట్‌కు ఆ బూట్ మారవచ్చు. నెట్‌వర్క్ కార్డుల పేర్లు ఈత్0, ఈత్1 అని తారుమారయ్యే బాధ పడలేకనే సిస్టమ్‌డీ 2013లో వచ్చిన 197వ వెర్షన్‌లో స్లాటును బట్టి పేరు పెట్టే పద్ధతి తెచ్చింది. డిస్కులకు బై-ఐడీ, బై-యూయూఐడీ డైరెక్టరీలు ఉన్నది కూడా ఇందుకే. హెచ్‌డబ్ల్యూమాన్‌కు అటువంటి సిద్ధమైన స్థిర నామం లేదు, కనుక ఆ పని మీ స్క్రిప్టే చేసుకోవాలి.

దానికి రెండు దారులున్నాయి. ప్రతి హెచ్‌డబ్ల్యూమాన్ డైరెక్టరీలోనూ “నేమ్” అనే చిన్న ఫైలు ఉంటుంది, స్క్రిప్టు మొదట్లో వాటన్నిటినీ వరుసగా చదివి మీ చిప్ పేరు ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: ఆ ఫైల్లో ఉండేది మాడ్యూల్ పేరు కాదు, చిప్ పేరు. ఎన్‌సీటీ6775 డ్రైవర్ ఆ కుటుంబంలోని చాలా చిప్‌లను నడుపుతుంది గనుక మీ యంత్రంలో ఎన్‌సీటీ6779 అనో ఎన్‌సీటీ6798 అనో ఉండవచ్చు. ప్రాసెసర్ సెన్సర్ అయితే ఇంటెల్‌లో కోర్‌టెంప్ అనీ, ఏఎండీలో కే10టెంప్ అనీ కనిపిస్తుంది. రెండో దారి, సిస్ ఫైల్‌సిస్టమ్‌లోని డివైసెస్ కింద ప్లాట్‌ఫారం డైరెక్టరీలో ఎన్‌సీటీ6775.656 వంటి పేరుతో ఉన్న స్థలం నుంచి మొదలుపెట్టడం. ఆ 656 నమోదు క్రమం కాదు, చిప్ వాడే ఐఓ చిరునామా. హెక్స్‌లో 290కి దశాంశ రూపం. మదర్‌బోర్డు మారనంత వరకు అది మారదు. దాని కింద హెచ్‌డబ్ల్యూమాన్ డైరెక్టరీలో ఒక్క ఎంట్రీ మాత్రమే ఉంటుంది కాబట్టి, సంఖ్య ఏదైనా నక్షత్రం గుర్తుతో పట్టుకోవచ్చు. నాకు మొదటిదే నచ్చుతుంది, ఆరు నెలల తర్వాత చదివినా ఏం వెతుకుతున్నామో అందులో స్పష్టంగా తెలుస్తుంది. అనుకున్న పేరు దొరకకపోతే స్క్రిప్టు తప్పనిసరిగా లోపంతో ఆగిపోవాలి, దొరికినదానితో సర్దుకోకూడదు. మీ ప్రాసెసర్ విషయంలో అలా సర్దుకోవడం వల్లనే ప్రమాదం అంచుదాకా వెళ్లింది.

ఫ్యాన్‌ను నడిపే స్క్రిప్టు కాబట్టి ఇంకొక్క మాట. ఫ్యాన్‌ను ఎవరు నియంత్రించాలో చెప్పే పీడబ్ల్యూఎం1_ఎనేబుల్ ఫైల్లో 1 రాసిన క్షణం నుంచి ఫ్యాన్ వేగానికి బాధ్యత మీదే, చిప్ తన స్వయంచాలక నియంత్రణ వదిలేస్తుంది. స్క్రిప్టు మధ్యలో చనిపోతే ఫ్యాన్ చివరి వేగంలోనే ఉండిపోతుంది. మొదట ఉన్న విలువను దాచుకుని, సర్వీస్ ఎలా ముగిసినా దాన్ని తిరిగి రాసేలా “ఎగ్జెక్‌స్టాప్‌పోస్ట్” వరుస పెట్టుకోండి.

ఆలస్యంగా వచ్చే యూఎస్‌బీ పరికరం కోసం ఇదే ప్రశ్న చదివేవారు కూడా ఉంటారు, వారికి పద్ధతి వేరు. అక్కడ మాడ్యూల్ లోడ్ కావడం మీద ఆధారపడకుండా, పరికరం కనిపించడం మీదే ఆధారపడాలి. ఆ పరికరానికి సరిపోయే యూడెవ్ నియమం రాసి, దానికి “సిస్టమ్‌డీ” ట్యాగునూ, సిస్టమ్‌డీ_వాంట్స్ అనే విలువగా మీ సర్వీస్ పేరునూ ఇస్తే, పరికరం వచ్చినప్పుడే సర్వీస్ మొదలవుతుంది. అలా చేసినప్పుడు మల్టీ-యూజర్ లక్ష్యం నుంచి ఆ సర్వీస్‌ను తొలగించడం మరచిపోవద్దు, లేకపోతే పాత పందెం మళ్లీ మొదలవుతుంది.

సమాధానం 4

వైఫై సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతాను. అది సెన్సర్ సమస్యతో సంబంధం లేనిదే. కెర్నెల్‌తో పాటు రాని మాడ్యూల్ ప్రతి కెర్నెల్ వెర్షన్‌కూ విడిగా కంపైల్ కావాలి, ఒక వెర్షన్‌కు కట్టినది ఇంకొకదానికి సరిపోదు. డీకేఎంఎస్ ఆ పనిని అప్‌డేట్ సమయంలో తానే చేస్తుంది గాని, కొత్త కెర్నెల్ హెడర్ల (కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్ల) ప్యాకేజీ అప్పటికే ఉంటేనే చేయగలదు. మీరు బహుశా మొదట్లో అప్పటి వెర్షన్ సంఖ్య ఉన్న హెడర్ల ప్యాకేజీని మాత్రమే పెట్టుకుని ఉంటారు. దాని బదులు లినక్స్-హెడర్స్-ఏఎండీ64 అనే సామాన్య ప్యాకేజీ పెట్టుకుంటే, కెర్నెల్ మారినప్పుడల్లా దానికి తగిన హెడర్లు వెంటే వస్తాయి. డీకేఎంఎస్ స్టేటస్ ఆదేశంలో మీ ఇప్పటి కెర్నెల్ పక్కన “ఇన్‌స్టాల్డ్” అని ఉందో లేదో చూడండి, లేకపోతే హెడర్లు వచ్చాక డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ నడపండి.

మోడ్‌ప్రోబ్ చెప్పే లోపాన్ని అక్షరాలా చదవడం అలవాటు చేసుకోండి. మాడ్యూల్ దొరకలేదంటే కంపైల్ కాలేదని అర్థం. “ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్” అంటే వేరే కెర్నెల్‌కు కట్టిన ఫైలు దొరికిందని. “కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్” అంటే ఫైలు సరైనదే, దాని మీద ఉన్న సంతకాన్ని సెక్యూర్ బూట్ (నమ్మిన కీతో సంతకం చేసిన కోడ్‌ను మాత్రమే అనుమతించే రక్షణ) నమ్మడం లేదని. ఈ మూడింటికీ మందులు వేరు. హెడర్లు సరిచేశాక మీకు మూడోది ఎదురైతే, డెబియన్ 12లోని డీకేఎంఎస్ మాడ్యూళ్లకు సంతకం చేయడానికి ఒక కీని వార్ కింద లిబ్ లోపలి డీకేఎంఎస్ డైరెక్టరీలో తయారుచేసి ఉంచుతుంది. మోక్‌యుటిల్ ఇంపోర్ట్ ఆదేశంతో అక్కడున్న మోక్.పబ్ ఫైలును నమోదుకు పంపి, అది అడిగే తాత్కాలిక పాస్‌వర్డు గుర్తుపెట్టుకుని రీబూట్ చేస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుకాక ముందే ఒక నీలం తెర వస్తుంది. అందులో ఎన్‌రోల్ ఎంచుకోవాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఉంటుంది, తప్పిపోతే ఇంపోర్ట్ మళ్లీ చేయాలి.

ఇదే యూఎస్‌బీ పరికరానికి కెర్నెల్‌లోనూ ఒక డ్రైవర్ ఉండి, అది ముందే పట్టుకుంటూ ఉంటే దాన్ని బ్లాక్‌లిస్టు చేయాల్సి రావచ్చు. బ్లాక్‌లిస్టు అనే వరుస ఏలియాస్ ద్వారా జరిగే స్వయంచాలక లోడింగ్‌ను ఆపుతుందే తప్ప, పేరుపెట్టి మోడ్‌ప్రోబ్ చేస్తేనో వేరే మాడ్యూల్ దాని మీద ఆధారపడితేనో ఆపదు. మార్పు చేశాక అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కూడా నడపండి, ఎందుకంటే బూట్ తొలి దశలో చదివేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్ చిత్రంలో దాచిన పాత మోడ్‌ప్రోబ్.డి నకలునే. అయితే మాడ్యూళ్లను ఆ చిత్రంలోకి బలవంతంగా చేర్చమని కొందరు ప్రతి సమస్యకూ సలహా ఇస్తుంటారు, దానితో నేను ఏకీభవించను. రూట్ ఫైల్‌సిస్టమ్ అందుబాటులోకి రావడానికి కావలసిన డిస్కు, ఎన్‌క్రిప్షన్ డ్రైవర్లు, పాస్‌వర్డు అడిగే వేళకు కావలసిన కీబోర్డు, తెర డ్రైవర్లు అక్కడ ఉండాలి. వైఫైకి, ఫ్యాన్ సెన్సర్‌కు అక్కడ పని లేదు.

ప్రశ్న వేసినవారి మాట

మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. స్లీప్ తీసేశాను. స్క్రిప్టు ఇప్పుడు “నేమ్” ఫైళ్లను చదివి, చిప్ పేరు, కోర్‌టెంప్ రెండూ దొరికితేనే ముందుకు వెళుతోంది. నా చిప్ పేరు ఎన్‌సీటీ6798 అని తేలింది, మాడ్యూల్ పేరుతో వెతికి ఉంటే ఎన్నటికీ దొరికేది కాదు. ఇరవైసార్లు రీబూట్ చేసి ప్రతిసారీ లాగ్ రాసుకున్నాను: హెచ్‌డబ్ల్యూమాన్ సంఖ్యలు ఐదుసార్లు మారాయి, సర్వీస్ ఇరవైసార్లూ సరైన సెన్సర్‌నే చదివింది. సర్వీస్‌ను కావాలని బలవంతంగా ఆపి చూశాను, ఫ్యాన్ తిరిగి చిప్ నియంత్రణలోకి వెళ్లింది.

వైఫై విషయంలో ఊహించినట్టే పాత వెర్షన్ సంఖ్య ఉన్న హెడర్ల ప్యాకేజీ ఒక్కటే ఉంది. సామాన్య ప్యాకేజీ పెట్టగానే మాడ్యూల్ కంపైల్ అయింది, వెంటనే కీ తిరస్కరించిన సందేశం వచ్చింది. మొదటిసారి నీలం తెర వచ్చినప్పుడు నేను పక్కన లేను, ఇంపోర్ట్ మళ్లీ చేసి రెండోసారి నమోదు పూర్తిచేశాను. తర్వాతి కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడు రీబూట్ చేయకముందే డీకేఎంఎస్ స్టేటస్ చూసి, అక్కడ కొత్త వెర్షన్ పక్కన ఏమి రాసి ఉందో ఇక్కడే తెలియజేస్తాను.